ప్రగతిశీల శిల

పాతరేవు పట్నంలో పురపాలక కళావేదికను ఒక పెద్దమనిషి 'జానపద కళాప్రదర్శన' అని చెప్పి అద్దెకు తీసుకుని, లోపల ప్రెషర్ కుక్కర్లు అమ్ముకుని వెళ్లిపోయాడు. కుక్కరు ఈల వేసినప్పుడల్లా ఇది ఏ జిల్లా జానపదమో తెలియక వాచ్‌మన్ తల గోక్కున్నాడు తప్ప ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆ సంగతి పైదాకా పోయింది. పైవాళ్లకు కోపం వచ్చింది. పైవాళ్ల కోపం ఊరికే పోదు, ఉత్తర్వు పెట్టి పోతుంది. ఇకమీదట గుర్తింపు పొందిన కళాప్రక్రియకు తప్ప ఆ వేదిక ఇవ్వరాదు. ప్రక్రియ పేరు తెలుగులోనే రాయాలి. పేరుకూ ప్రదర్శనకూ పొంతన ఉన్నదీ లేనిదీ సాంస్కృతిక శాఖ ఉప సంచాలకులు స్వయంగా తేల్చాలి. కుక్కర్లవాడు హాయిగా పక్క జిల్లాకు పోయి అక్కడ మిక్సీలు మొదలుపెట్టాడు. ఉత్తర్వు మాత్రం పాతరేవులో ఉండిపోయింది.

ఆ ఉత్తర్వు తడి ఆరకముందే కొల్లాబత్తుల రత్నరాజుకు ఆ వేదికతో పని పడింది. చేపల మార్కెట్టు వెనక అతనికి మైకుసెట్ల కొట్టు ఉంది. ఊళ్లో పెళ్లయినా, అయ్యప్ప పూజయినా, సువార్త సభయినా, మంత్రిగారి శంకుస్థాపనయినా రత్నరాజు మైకు కట్టాల్సిందే. చర్చిలో పాటలకు వాయిస్తూ చిన్నప్పుడే గిటారు పట్టాడు, మళ్లీ వదల్లేదు. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పే జోస్యుల హైమవతి కీబోర్డు వాయిస్తుంది. బ్యాండుమేళం ఇంట్లో పుట్టిన షేక్ మౌలాలి డ్రమ్స్ కొడతాడు. ముగ్గురూ కలిసి 'ఉప్పుగాలి' అని పేరు పెట్టుకున్నారు. నాలుగేళ్లుగా ఆదివారం మధ్యాహ్నాలు రత్నరాజు గోడౌన్‌లో, పాత హారన్ల మధ్య కూర్చుని ఒకే ఒక్క పాట తయారుచేశారు.

ఆ పాట పేరు 'ఆటుపోటు'. మాటలు లేవు. ఇరవై రెండు నిమిషాలు ఉంటుంది. సముద్రం వెనక్కి పోవడం, ఒడ్డు ఖాళీ కావడం, మళ్లీ నీళ్లు రావడం, అంతే కథ. మధ్యలో లెక్క మారుతుంది, నడక మారుతుంది, ఒకచోట అందరూ ఆగిపోతారు. ఇలాంటిదాన్ని లోకంలో ప్రోగ్రెసివ్ రాక్ అంటారని హైమవతి చెప్పింది. ఇంతవరకూ విన్నవాళ్లు పక్కన చేపలమ్మే ఆడవాళ్లే. ఆ గోడౌన్‌లో ఎవరికో అన్నదమ్ముల పంపకాలు తెగడం లేదని వాళ్ల నమ్మకం.

ఇప్పుడు హైమవతికి బదిలీ అయింది. నెలాఖరుకల్లా మదనపల్లె వెళ్లి చేరాలి. ఆమె వెళ్లాక ఆ పాట లేదు, ఉప్పుగాలీ లేదు. వెళ్లేలోగా ఒక్కసారి, మొదటినుంచి చివరిదాకా, మంచి హాల్లో, నలుగురి ముందు వాయించాలి. రత్నరాజుకు ఇంకేమీ అక్కర్లేదు. ఊళ్లో ప్రతివాడి గొంతూ పెద్దది చేసి ఊరంతా వినిపించాడు, తన పాట మాత్రం ఎవరికీ వినిపించలేదు. అది అతనికి ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

రత్నరాజు, హైమవతి కలిసి సాంస్కృతిక శాఖ కార్యాలయానికి వెళ్లారు. సీనియర్ అసిస్టెంటు వీరవేణి దరఖాస్తు తీసుకుని కళ్లజోడు సర్దుకుంది.

"ప్రక్రియ అన్నచోట ఇదేదో రాసేరు. ఏటండీ ఇది?"

"ప్రోగ్రెసివ్ రాక్ అండి" అన్నాడు రత్నరాజు.

"తెలుగులో రాయాలండీ. ఎందుకొచ్చిన గొడవ, 'సినీ సంగీత విభావరి' అని రాసేసుకోండి. సాయంత్రానికి సంతకం అయిపోద్ది."

"మేం సినిమా పాటలు వాయించమండి."

"పోనీ భక్తి?"

"కాదండి."

"ఆర్కెస్ట్రా?"

"అంటే, అలాంటిదే గానీ అది కాదండి."

"అలాంటిదే గానీ అది కాదు అనే గడి లేదండీ ఇందులో."

రత్నరాజు హైమవతి వైపు చూశాడు. అబద్ధం రాస్తే పని అయిపోతుందని అతనికీ తెలుసు. కానీ నాలుగేళ్ల కష్టాన్ని వేరేవాళ్ల పేరుతో లోపలికి దూర్చడం మనసొప్పలేదు. హైమవతి అయితే అసలు ఒప్పుకోలేదు. "కుక్కర్లాయన చేసింది కూడా అదే కదండీ వీరవేణి గారూ" అంది.

ఆ మాటకు వీరవేణి మెత్తబడింది. నిజాయితీగల దరఖాస్తుదారులు ఆమె సర్వీసులో అరుదు. బీరువాలోంచి పరిపాలనా పదకోశం తీసి దుమ్ము దులిపింది. ప్రోగ్రెసివ్ అంటే ప్రగతిశీల. రాక్ అంటే శిల. రెండూ పక్కపక్కన పెట్టి గుండ్రటి అక్షరాలతో రాసింది: ప్రగతిశీల శిల.

"బావుందండీ! శీల శిల, శిల శీల. నోరు తిరుగుతోంది. సార్‌కి నచ్చుద్ది."

సార్‌కి నచ్చింది. నచ్చింది కాబట్టి ఫైలు మీద చిన్న మాట కూడా రాశారు: 'శిల ఉన్నందున గనుల శాఖ వారి నిరభ్యంతర పత్రం జతపరచవలెను.'

గనుల శాఖనుంచి పినిశెట్టి గంగాధరం అనే అధికారి జీపులో వచ్చాడు. చేతిలో సుత్తి, జేబులో భూతద్దం. కొట్టు గుమ్మంలో నిలబడి అటూ ఇటూ చూశాడు.

"ఎక్కడండీ సరుకు?"

"ఏ సరుకండి?" అన్నాడు రత్నరాజు.

"రాయండీ. మీది రాక్ అని రాశారు కదా. ఏ కొండనుంచి తెస్తున్నారు?"

"మేం తెచ్చేదేం లేదండి. ఇక్కడే తయారు చేసుకుంటాం."

గంగాధరం కనుబొమలు పైకి పోయాయి. "అనుమతి లేకుండా తయారు చేస్తున్నారా? బండగా కొడతారా, పిండి కొడతారా?"

లోపలనుంచి మౌలాలి బయటికొచ్చాడు. ఏం మాట్లాడుకుంటున్నారో వినలేదు, కొట్టడం అన్నమాట ఒక్కటే వినిపించింది. "కొట్టేది నేనేనండి. ఆదివారం ఆదివారం కొడతానండి, ఆయ్. చేతులు వాచిపోయేదాకా కొట్టేస్తా."

గంగాధరం రాసుకున్నాడు. "మరి రాయల్టీ కడుతున్నారా?"

"సొంత పాటకి రాయల్టీ ఎవరికి కట్టాలండి?" అంది మౌలాలి వెనకే వచ్చిన హైమవతి.

"సొంత స్థలంలో దొరికినా ప్రభుత్వానికి కట్టాల్సిందేనమ్మా. అది మా చట్టం."

ఇద్దరూ ఒకే మాట అంటున్నారు, ఒకరి మాట ఒకరికి ఎక్కడం లేదు. చివరికి రత్నరాజు గిటారు తీసి, "రాక్ అంటే ఇదండి బాబూ" అని రెండు ముక్కలు వాయించాడు. గంగాధరం తల వంచి విన్నాడు. గిటారును సుత్తి కొసతో మెల్లగా తట్టాడు. డ్రమ్ముల కింద వంగి చూశాడు. వెళ్లి నివేదిక రాశాడు: 'సదరు శిల స్థలంలో కనిపించలేదు. శబ్దం మాత్రం ఉన్నది. శిల లేకుండా శబ్దం ఎట్లు వచ్చుచున్నదో విచారించవలసి ఉన్నది. ఇది ప్రగతిశీలమని, అనగా ముందుకు కదులునదని దరఖాస్తులోనే ఒప్పుకున్నందున, కొండచరియలు విరిగిపడు ప్రమాదమును కూడా పరిశీలించవలెను.'

ఆ నివేదిక చదివి ఉప సంచాలకులు తటవర్తి సీతాపతిరావు గారు ముచ్చటపడ్డారు. ఆయన మంచివాడే. లంచం తీసుకోరు, ఎవరినీ కసురుకోరు, ఏ పనీ ఒంటరిగా చెయ్యరు. గొడుగు కొనాలన్నా ఒక సంఘం వేసేరకం. రత్నరాజు బృందాన్ని పిలిపించి కుర్చీలు వేయించి, కాఫీలు ఇప్పించారు.

"చూడండి బాబూ. ప్రభుత్వం కళకు అడ్డం కాదు. కళ అంటే ఏమిటో నిర్ధారణ కాకపోవడమే కళకు అడ్డం. కనుక ప్రక్రియా నిర్ధారణ సంఘం వేస్తున్నాను. కూలంకషంగా చర్చించి ప్రగతిశీల శిల అంటే ఏమిటో తేలుస్తాం. తేలిన మరుక్షణం వేదిక మీదే."

"ఒకసారి పాట వినేయండి సార్, తేలిపోద్ది" అన్నాడు రత్నరాజు.

సీతాపతిరావు గారు చెయ్యి అడ్డం పెట్టారు. "అబ్బెబ్బే! విధివిధానాలు ఖరారు కాకుండా వింటే పక్షపాతం అవుతుంది. సంఘంలో ఎవరూ వినకూడదు. అది మొదటి నిబంధన."

సంఘంలో నలుగురు. అధ్యక్షులు సీతాపతిరావు గారు. శిల తరఫున గంగాధరం. సంగీతం తరఫున ధూళిపూడి సోమశేఖర శాస్త్రులు గారు, వయొలిన్ విద్వాంసులు. ప్రగతిశీలత తరఫున 'అరుణాక్షర' అప్పలస్వామి గారు, కవి. మొదటి సమావేశానికి ఉప్పుగాలి వాళ్లను కూడా రమ్మన్నారు, ప్రశ్నలకు జవాబు చెప్పడానికి మాత్రమే.

అప్పలస్వామి గారు బల్ల చరిచి మొదలుపెట్టారు. "ప్రగతిశీల అన్న మాట మాది. ఆ మాట కోసం లాఠీలు తిన్నవాళ్లం. ఎవరు పడితే వాళ్లు రాయికి, రప్పకు తగిలిస్తే ఊరుకోం. సూటిగా అడుగుతున్నాను. మీ పాటలో శ్రామికుడు ఎక్కడ?"

"పాటలో మాటల్లేవండి" అంది హైమవతి.

"మాటల్లేకపోతే శ్రామికుడు ఉండడా? సముద్రం అన్నారు. సముద్రంలో జాలర్లు ఉన్నారా?"

మౌలాలి చెయ్యెత్తాడు. "శ్రామికుణ్ణి నేనున్నానండి. పాట మొదలెట్టిందగ్గర్నుంచి అయ్యేదాకా చెమట కారిపోద్దండి నాకు."

కవిగారు కాసేపు ఆలోచించారు. "అది శ్రమే. కానీ చైతన్యం లేని శ్రమ."

"చైతన్యం లేకపోతే లెక్క తప్పుతుందండి" అన్నాడు మౌలాలి నొచ్చుకుని. "ఏడు దెబ్బలకోసారి తిరగాలి."

ఏడు అన్నమాట వినగానే శాస్త్రులు గారు నిద్రలోంచి లేచినట్టు కళ్లు తెరిచారు. "ఏడా? తకిట తకధిమి. మిశ్రచాపు! ఇంకేమిటి ఉంది?"

"ఒకచోట అయిదండి."

"ఖండచాపు! అయ్యా అధ్యక్షా, ఇది ప్రగతిశీలం కాదు, పరమ ప్రాచీనం. మా తాతగారు పెళ్లి ఊరేగింపుల్లో వాయించేవారు. పాతది ముందుకెలా పోతుంది? అది వెనక్కే పోవాలి."

అందరూ తలో వైపూ లాగుతుంటే హైమవతి మాట్లాడతానంది. క్లాసులో చెప్పినట్టే నిదానంగా చెప్పింది. పొడుగ్గా ఉండటం ఒక్కటే కాదు, లెక్కలు మారడం ఒక్కటే కాదు, ఒక పద్ధతిలో ఇరుక్కోకుండా ముందుకు పోవడం ముఖ్యం అంది. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. మనిషి ఉపాధ్యాయురాలు కదా, ఉన్నది ఉన్నట్టు చెప్పకపోతే తోచదు.

"నిజానికి దీన్ని ప్రపంచంలో ఎవరూ ఇంతవరకూ తేల్చలేదండి. యాభై ఏళ్లుగా వాదించుకుంటూనే ఉన్నారు. యాభై ఏళ్ల కిందటివాళ్లలాగే వాయిస్తే అది ప్రగతి ఎలా అవుతుందని కొందరు, అలా వాయించకపోతే ఆ పేరెందుకు పెట్టుకోవాలని కొందరు."

సీతాపతిరావు గారు కుర్చీలో ముందుకు జరిగారు. ఆయన మొహం వెలిగిపోయింది. "ప్రపంచంలో ఎవరూ తేల్చలేదా?"

"లేదండి."

"అమెరికావాళ్లు కూడా?"

"ఎవరూ లేదండి."

"అయితే పాతరేవులో తేలుద్దాం" అన్నారు ఆయన.

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు. ఇక్కడ కొడుకు పుట్టి నాలుగేళ్లయింది, గొంతు చించుకుని ఏడుస్తున్నాడు. పేరు తేలేదాకా వాడి ఏడుపు వినకూడదని పెద్దలంతా చెవులు మూసుకుని కూర్చున్నారు.

అక్కడినుంచి సంఘం రెచ్చిపోయింది. రెండో సమావేశంలో ప్రగతి అంటే కొలవగలిగేదై ఉండాలన్నారు. కొలవలేనిది ప్రగతి ఎలా అవుతుంది, అది పుకారు అవుతుంది. కనుక పాట ఏటేటా పొడవు పెరగాలి, మూడు నెలలకోసారి ప్రగతి నివేదిక సమర్పించాలి. కిందటిసారి వాయించినట్టే ఈసారీ వాయిస్తే ప్రగతి కుంటుపడినట్టు లెక్క, సంజాయిషీ ఇవ్వాలి. ఆ మాట ఎలా పొక్కిందో వ్యవసాయ శాఖకు పొక్కింది. ప్రగతిశీల రైతులు తమ దగ్గర ఉన్నారని, ప్రగతిశీల వర్గంలో మొదటి హక్కు వాళ్లదేనని, వేదిక మీద వరి వంగడాలు ప్రదర్శిస్తామని ఉత్తరం రాసింది. దాని మీద ఒక ఉపసంఘం పడింది. ఉపసంఘంలోనూ ఆ నలుగురే.

రత్నరాజు వారానికి మూడుసార్లు ఆఫీసు మెట్లు ఎక్కాడు. వెళ్లినప్పుడల్లా వీరవేణి "చర్చ నడుస్తోందండీ" అనేది. తలుపు సందులోంచి శాస్త్రులు గారి ఆలాపన, దాని మీద అప్పలస్వామి గారి కేక, ఆ రెంటి మీద గంగాధరం సుత్తి చప్పుడు వినిపించేవి. హైమవతి అప్పటికే ఇంట్లో సామాను కట్టడం మొదలుపెట్టింది. కీబోర్డు ఒక్కటే బయట ఉంచింది. దాన్ని చూసినప్పుడల్లా రత్నరాజుకు ఏడుపొచ్చినంత పనయ్యేది, పైకి మాత్రం "అయిపోద్దిలెండి మేడంగారూ" అనేవాడు.

చివరికి తేలింది. ఎవరి షరతు వాళ్లు వదులుకోలేదు కాబట్టి అందరివీ కలిపేశారు. వీరవేణి తాను టైపు చేసిన ఆ నిర్వచనాన్ని తుది సమావేశంలో నిలబడి చదివింది. "ప్రగతిశీల శిల అనగా సుదీర్ఘముగా ఉండవలెను. కారణం చెప్పకుండా మధ్యలో వేగము మారవలెను. ఎత్తుకున్న విషయమును వదిలి వేరొకదానిలోకి పోయి, అందరూ మరిచిపోయిన పిదప తిరిగి మొదటికి రావలెను. పాల్గొన్న ప్రతివారూ తమ ప్రతిభను విడివిడిగా ప్రదర్శించవలెను. ఆ సమయమున తక్కినవారు విననక్కరలేదు. అయిపోయినదనిపించి అయిపోకూడదు. సామాన్య శ్రోతకు అర్థము కారాదు."

చదవడం అయ్యాక ఆమె కూర్చోలేదు.

"ఏమ్మా?" అన్నారు సీతాపతిరావు గారు.

"ఏం లేదు సార్. నిర్వచనానికి మొదట సరిపోయినవాళ్లెవరో వాళ్లకి ముందు గుర్తింపు ఇవ్వాలని జీవోలో ఉంది కదండీ."

"ఉంది."

"టైపు కొడతా ఉంటే అనిపించింది సార్. ఇదంతా మన మీటింగుకే సరిపోతోందండి."

వీరవేణి వెటకారం చేసే మనిషి కాదు. రూలుకూ ఎదురుగా ఉన్నదానికీ పొంతన చూడటం ఆమె ఉద్యోగం. సీతాపతిరావు గారు నిర్వచనం తీసుకుని ఒక్కొక్క వాక్యం దగ్గరా ఆగి, సంఘాన్ని చూసి, తల ఊపారు. అప్పలస్వామి గారి కళ్లు చెమర్చాయి. ఎనిమిది కవితా సంపుటాలకు రాని గుర్తింపు ఇది. శాస్త్రులు గారు పై పంచె సర్దుకున్నారు. ఆ రోజు తీర్మానంలో ఇలా రాసుకున్నారు: 'సంఘం తనను తాను గుర్తించుకున్నది.'

గుర్తింపు వచ్చాక ప్రదర్శన ఇవ్వకపోతే బాగుండదు. నెలాఖరు శనివారం వేదిక ఖాళీగా ఉంది, సంఘానికి ఇచ్చేశారు. హైమవతి రైలు ఎక్కేది ఆ మర్నాడే.

రత్నరాజు పరుగెత్తుకుంటూ వెళ్లాడు. "మా తారీఖండి అది!"

"మీదే బాబూ, మీదే" అన్నారు సీతాపతిరావు గారు భుజం తట్టి. "మా ప్రదర్శన కాగానే చివర్లో మీ పాట అక్కడే పరిశీలిస్తాం. నిర్వచనానికి సరిపోతే వేదిక మీదే పత్రం ఇచ్చేస్తాను. అన్నట్టు, మైకు మీరే కట్టాలి. మీకంటే బాగా కట్టేవాళ్లు లేరు."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారే దేవుడి పీట ఎక్కి కూర్చుని, గంట కొట్టడానికి భక్తుణ్ణి రమ్మంటున్నాడు. చివర్లో అన్నమాట పట్టుకుని రత్నరాజు మైకు కట్టాడు.

వేదికకు అడ్డంగా పెద్ద ఫ్లెక్సీ కట్టారు: 'రాష్ట్రంలోనే తొలి ప్రగతిశీల శిల ప్రదర్శన'. హాలు నిండటానికి చుట్టుపక్కల బళ్ల పంతుళ్లకు ఆన్‌డ్యూటీ ఇచ్చి తోలించారు. నలుగురూ శాలువాలు కప్పుకుని వేదిక మీద బల్ల చుట్టూ కూర్చున్నారు. సీతాపతిరావు గారు గత సమావేశపు నిర్ణయాలను చదివి ఆమోదం కోరడంతో ప్రదర్శన మొదలైంది. ఆమోదం దగ్గరే గొడవ వచ్చింది. అది సర్దుకునేలోగా శాస్త్రులు గారు ఏడు లెక్కలో తొడ మీద తాళం వేసి వాళ్ల తాతగారి దాకా పోయారు. ఆయన ఇంకా తాతగారి దగ్గరుండగానే అప్పలస్వామి గారు లేచి ఉద్యమ చరిత్ర ఎత్తుకున్నారు. గంగాధరం తాను తెచ్చిన రాళ్లను బల్ల మీద వరసగా పేర్చి, ఒక్కొక్కటీ కొట్టి వినిపించాడు. మూడుసార్లు వందన సమర్పణ దాకా వచ్చి వెనక్కి పోయారు. ఏం జరుగుతోందో పంతుళ్లకు తెలియలేదు గానీ, జిల్లా విద్యాధికారి చప్పట్లు కొడుతుంటే వాళ్లూ కొట్టారు. ముందు వరసలో ఒక విలేఖరి "అద్భుతం, ఒక్క ముక్క అర్థం కాలేదు" అని పక్కాయనతో అన్నాడు.

రత్నరాజు మిక్సర్ దగ్గర కూర్చుని గోడ గడియారం చూస్తున్నాడు. హాలు ఇచ్చిన గంటలు కరిగిపోతున్నాయి. తెర పక్కన హైమవతి కీబోర్డు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మౌలాలి పుల్లలు పట్టుకుని గాలిలోనే లెక్క వేసుకుంటున్నాడు. అప్పుడు వేదిక మీదనుంచి వీరవేణి ఒక చీటీ తెచ్చి ఇచ్చింది. అధ్యక్షుల వారి చేతిరాత: 'సమయాభావం వలన మీ పాట సారాంశం మాత్రం అయిదు నిమిషములలో వాయించవలెను.'

హైమవతి చీటీ రెండుసార్లు చదివింది. "పోటు రావాలి కదండీ రత్నరాజు గారూ. అయిదు నిమిషాల్లో సముద్రం ఎక్కడికి వస్తుంది?" అంది.

రత్నరాజుకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో ఎవడు ఏ చెత్త మాట్లాడినా శ్రద్ధగా వాల్యూమ్ పెంచిన చెయ్యి అది. ఆ చేత్తోనే వేదిక మైకులన్నిటి వాల్యూమూ కిందికి దించేశాడు. "పద మౌలాలీ. ఆ రెండు స్పీకరు డబ్బాలూ పట్టు."

"ఎక్కడికి బావా?"

"బయటికి."

హాలు పక్కన సైకిల్ స్టాండు రేకుల కింద డబ్బాలూ, డ్రమ్సూ, కీబోర్డూ, గిటారూ దించారు. వాచ్‌మన్ గదిలోంచి కరెంటు తీసుకున్నారు. లోపల సంఘం ఆగలేదు. మైకు పోయిన సంగతి వాళ్లకు తెలియను కూడా లేదు, ఒకరి మాట ఒకరు వినే అలవాటు ఎలాగూ లేదు.

హైమవతి మొదలుపెట్టింది. సన్నటి స్వరం ఒకటి, దాని కింద ఇంకొకటి, నీళ్లు మెల్లగా వెనక్కి జారుతున్నట్టు. మౌలాలి అంచుల మీద మాత్రమే ముట్టుకున్నాడు. రత్నరాజు గిటారు ఆ జారుడుకు అడ్డం పడి, ఓడిపోయి, దాని వెంటే పోయింది. ఏడు దెబ్బల చోటికి వచ్చేసరికి స్టాండు బయట పది మంది పంతుళ్లు నిలబడి ఉన్నారు. బుట్టలు సర్దుకుని ఇళ్లకు పోతున్న చేపల ఆడవాళ్లు ఆగారు. "ఓసినీ, పంపకాలు కావే, పాట!" అంది ఒకామె. అందరూ ఆగిపోయే చోట ముగ్గురూ ఆగారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇంకా ఉందని వాళ్లకు తెలిసింది. రత్నరాజుకు ఆ నిశ్శబ్దం చాలనిపించింది. అంత సంతోషం అతను ఎప్పుడూ పడలేదు.

లోపల చప్పట్లు ఆగిపోవడంతో సీతాపతిరావు గారు తల ఎత్తి చూశారు. కుర్చీలు ఖాళీ. జనాన్ని వెతుక్కుంటూ బయటికి వచ్చి, పోటు తిరిగి వస్తున్న చోట చిక్కుకుపోయారు. కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నారు. చివరి స్వరం అయిపోయాక కూడా కదల్లేదు.

"ఇదేనా?" అన్నారు.

"ఇదేనండి" అంది హైమవతి. "మొత్తం."

"సముద్రం వెళ్లిపోయింది కదూ? ఆ ఆగినచోట, ఒడ్డున ఎవరో ఒక్కరే ఉన్నట్టు. రాదేమో అని భయపడ్డాను. మళ్లీ వచ్చింది." ఆయన హైమవతి వైపు తిరిగారు. "నాకు అర్థమైందమ్మా."

హైమవతి కళ్లు తుడుచుకుంది. మౌలాలి సందు చూసి, "అయితే పత్రం ఇచ్చేస్తారా సార్?" అన్నాడు.

సీతాపతిరావు గారు కళ్లజోడు పెట్టుకున్నారు. నిజంగానే బాధపడ్డారు, అది అందరికీ కనిపించింది. "ఎలా ఇవ్వనయ్యా? అర్థం కాకూడదని నిర్వచనంలో ఉంది. నాకు అర్థమైపోయింది."

మర్నాడు హైమవతి వెళ్లిపోయింది. ఆ తర్వాతి వారం రత్నరాజు కొట్టుకు రిజిస్టరు పోస్టులో ఉత్తర్వు వచ్చింది. మదనపల్లెకు ఫోను చేసి, స్పీకరు పెట్టి, మౌలాలి పక్కన ఉండగా చదివాడు.

"సదరు ఉప్పుగాలి బృందము వాయించినది సంగీతమని ఉప సంచాలకులు స్వయంగా విని ధ్రువీకరించినందున, దానిని ప్రగతిశీల శిలగా గుర్తించుటకు వీలుపడదు. సంగీతమునకు ఈ వేదికపై ప్రస్తుతము నిబంధనలు లేవు. కావున దరఖాస్తు తిరస్కరించడమైనది."

"ఇంకోసారి చదవండి" అంది హైమవతి.

రత్నరాజు గొంతు సవరించుకుని మళ్లీ మొదలుపెట్టాడు. "సదరు ఉప్పుగాలి బృందము వాయించినది సంగీతమని ఉప సంచాలకులు స్వయంగా విని ధ్రువీకరించినందున..."

"చాలండి" అంది ఆమె. "అక్కడితో ఆపేయండి."